సంఘం ఒక్క మాట మీద ఉంటేనే

మన తెలుగు క్రైస్తవుల నోట రోజూ నలిగే మాట 'సంఘం'. ఆదివారం సంఘం కూడుకుంటుంది. సంఘ కాపరి ఉంటాడు, సంఘ పెద్దలు ఉంటారు, స్త్రీల సమాజం ఉంటుంది, యౌవనస్థుల కూటం ఉంటుంది. అదే మాటకు ముందు 'కార్మిక' అనే మూడక్షరాలు చేర్చి చూడండి. చాలామంది విశ్వాసుల మొహం మారిపోతుంది. 'అవి లోక సంబంధమైన గొడవలు పాస్టరు గారూ, మనకెందుకు?' అంటారు. 'జెండాలు, సమ్మెలు మన సాక్ష్యానికి మంచివి కావు' అంటారు. కార్మికులు కూడితే గొడవ, మనం కూడితే ఆరాధన. ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి ఆలోచించాలి.

మాస్తి, మాలూరు, నరసాపుర, వేమగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఇది పుస్తకాల చర్చ కాదు. మాస్తి అనగానే చాలామందికి కన్నడ రచయిత మాస్తి వెంకటేశ అయ్యంగార్ గుర్తుకొస్తారు. ఈ రోజు ఆ ప్రాంతపు పిల్లలకు మాత్రం కళ్ల ముందున్నది ఫ్యాక్టరీ షిఫ్టు. తెల్లవారక ముందే కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడే కుర్రవాళ్లలో కన్నడం మాట్లాడేవాళ్లున్నారు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు, కుప్పం, మదనపల్లె వైపు నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకున్నవాళ్లున్నారు. వాళ్లలో మన సంఘాల పిల్లలూ ఉన్నారు. వాళ్ల జీతం, ఓటీ, సెలవు, పీఎఫ్, ఇవన్నీ ఎక్కడో ఒక బల్ల దగ్గర తేలతాయి. ఆ బల్లకు ఒకవైపు యాజమాన్యం ఒక్క మాట మీద కూర్చుంటుంది. ఇవతలి వైపు ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఉంటే ఫలితం ముందే తేలిపోయినట్టు.

ఒప్పందం కోసం చర్చలు జరిగే కాలంలో కార్మికులు కలిసి నిలబడడం నాకు తెలిసినంతలో పొరుగువాణ్ణి ప్రేమించడంలో భాగమే. విశ్వాసులు దాని నుంచి తప్పుకుంటే అది పరిశుద్ధత అనిపించుకోదు.

విమానం నడిపేవాళ్లకు కూడా సంఘం కావాలి

'పేదవాడికి సంఘం కావాలంటే అర్థం ఉంది, లక్షల జీతాలు తీసుకునే పైలట్లకు ఎందుకు?' అని అడుగుతుంటారు. పైలట్లను ముందు చెప్పుకోవడానికి కారణం అదే. అంత చదువు, అంత నైపుణ్యం, అంత జీతం ఉన్నవాళ్లు కూడా ఒంటరిగా వెళ్లి యాజమాన్యంతో బేరం చేయలేమని గ్రహించారు. మరి కాంట్రాక్టు మీద పన్నెండు గంటలు నిలబడి పనిచేసే ఇరవై ఏళ్ల అమ్మాయి ఒంటరిగా ఏం బేరం చేయగలదు?

అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ పైలట్లు 2022 అక్టోబరులో ఓటు వేశారు. అవసరమైతే సమ్మెకు వెళ్లడానికి సంఘానికి అధికారం ఇవ్వాలా వద్దా అన్నది ప్రశ్న. ఓటు వేసినవారిలో 99 శాతం 'ఇవ్వాలి' అన్నారు. ఆ తర్వాత సమ్మె జరగలేదు. ఒక్క రోజు కూడా పని ఆగలేదు. 2023 మార్చిలో కొత్త ఒప్పందం ఖరారైంది, నాలుగేళ్లలో 30 శాతానికి మించి జీతాలు పెరిగేలా కుదిరింది. ఇక్కడ పనిచేసింది సమ్మె కాదు, ఆ 99 అనే అంకె. ఎదుటివాళ్లకు చీలిక కనిపించలేదు. చీలిక కనిపించకపోతే మాటల్లోనే పని జరుగుతుంది. ఐక్యత ఉన్నచోట సమ్మె అవసరం తగ్గుతుంది. ఈ మాటను, సమ్మె పేరు వింటేనే భయపడే మన పెద్దలు కొంచెం ఆలోచించాలి.

మన దేశంలో 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఘం పెట్టుకున్నారు. దాన్ని పెట్టడంలో ముందున్న ఇద్దరు పైలట్లను కంపెనీ ఉద్యోగం నుంచి తీసేసింది. ఆ సెప్టెంబరులో వందలాది మంది పైలట్లు ఒకేసారి అనారోగ్య సెలవు పెట్టారు. ఐదు రోజుల పాటు విమానాలు రద్దయ్యాయి. చివరికి తీసేసినవాళ్లను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ప్రయాణికులు ఇబ్బంది పడ్డారన్నది నిజమే. సెలవు పేరుతో సమ్మె చేయడం సరైన పద్ధతా అన్నది వేరే చర్చ. అయితే ఇద్దరి కోసం వందల మంది నిలబడడం చిన్న విషయం కాదు. తొంభై తొమ్మిది గొర్రెలను విడిచి ఒక్కదాని కోసం వెళ్లిన కాపరి కథ చెప్పుకునే మనకు అది తేలిగ్గానే అర్థం కావాలి.

దీనికి ఎదురు కథ ఎయిర్ ఇండియాది. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఎయిర్ ఇండియాలో కలిపారు. కంపెనీలు కలిశాయి గాని పైలట్లు కలవలేదు. రెండు సంఘాలు, రెండు జీతాల లెక్కలు, రెండు సీనియారిటీ జాబితాలు. పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల సంఘం 2011లో తమకు సమాన జీతం కావాలని పది రోజుల పాటు సమ్మె చేసింది. పూర్వపు ఎయిర్ ఇండియా పైలట్ల సంఘం 2012లో, కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ అవతలివాళ్లకూ ఇస్తున్నారని, 58 రోజులు సమ్మె చేసింది. వంద మందికి పైగా పైలట్ల ఉద్యోగాలు పోయాయి, సంఘం గుర్తింపు పోయింది, చివరికి ఢిల్లీ హైకోర్టులో ఇచ్చిన హామీతో సమ్మె ముగిసింది. ఒకే కంపెనీ, ఒకే వృత్తి, ఒకే ఆకాశం. ఏడాది తేడాతో చెరొక సమ్మె చేశారు. రెండో సమ్మెలోని ఫిర్యాదు యాజమాన్యం మీద ఎంత ఉందో తోటి పైలట్ల మీదా అంత ఉంది. ఇల్లు రెండుగా చీలితే నిలవదని ప్రభువు చెప్పింది ఇళ్ల గురించే కాదు.

పైలట్ల ఐక్యత వాళ్ల జేబు కోసమే అనుకోకండి. పైలట్లకు వారానికి 36 గంటలుగా ఉన్న విశ్రాంతిని 48 గంటలకు పెంచుతూ, రాత్రి ల్యాండింగులను తగ్గిస్తూ కొత్త నిబంధనలు వచ్చాయి. పైలట్ల సంఘాలు కోర్టు మెట్లెక్కి పోరాడిన తర్వాతే అవి అమలులోకి వచ్చాయి. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో వేల విమానాలను రద్దు చేయవలసి వచ్చినప్పుడు దేశమంతా విమానాశ్రయాల్లో అవస్థలు పడింది. ఆ నిబంధనలకు తగినట్టు ముందే సిద్ధపడలేదన్నదే కంపెనీ మీద వచ్చిన ప్రధాన విమర్శ. అప్పుడు కూడా కొందరు 'ఈ విశ్రాంతి నిబంధనల వల్లే కదా ఇదంతా' అన్నారు. నిద్రలేని పైలట్ నడిపే విమానంలో మన పిల్లల్ని ఎక్కిస్తామా? అలసినవాడికి విశ్రాంతి కావాలని పదాజ్ఞల్లోనే రాసి ఉంది. విశ్రాంతిదినపు ఆజ్ఞలో దాసుడు, దాసి, పరదేశి, చివరికి ఎద్దు, గాడిద కూడా ఉన్నాయి.

బంగారు గనుల్లో నాలుగు భాషలు, ఒక్క మాట

దూరపు కొండలు వదిలి మన గడ్డ మీదికి వద్దాం. కోలార్ బంగారు గనులను 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ నడిపించింది. గనులు మూడు కిలోమీటర్లకు మించి లోతుకు వెళ్లాయి. కింద వేడి, దుమ్ము, ఊపిరితిత్తుల జబ్బు, ఎప్పుడు పగులుతుందో తెలియని రాయి. పైకి వచ్చాక బంగారం దాచారేమోనని ఒళ్లంతా సోదా. ఆ గనుల్లో దిగినవాళ్లలో ఎక్కువమంది తమిళ ప్రాంతాల నుంచి వచ్చిన దళితులు. చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లు వచ్చారు, కన్నడిగులు, మలయాళీలు కూడా ఉన్నారు. ఒక్క భాష కాదు, ఒక్క మతం కాదు, ఒక్క పని కూడా కాదు.

అలాంటి చోట 1930లో, కార్మిక సంఘానికి చట్టబద్ధమైన గుర్తింపు లేని రోజుల్లో, వేలాది మంది కార్మికులు 21 రోజుల పాటు పని ఆపేశారు. జీతం పెంచమని కాదు. ప్రతి కార్మికుడి వేలిముద్ర తీసుకొని నమోదు చేయాలన్న పద్ధతికి వ్యతిరేకంగా. ఒంట్లో శక్తి అమ్ముకుంటున్నాం గాని మనిషిని అమ్ముకోలేదని వాళ్లు చెప్పదలుచుకున్నారని నేను అర్థం చేసుకుంటాను. చదువురానివాళ్లు, పూట గడవనివాళ్లు, ఇంట్లో పిల్లలున్నవాళ్లు మూడు వారాలు కదలకుండా నిలబడ్డారు. ఆ రోజుల్లో మూడు వారాలు కూలి లేకపోవడం అంటే ఏమిటో మన అవ్వతాతలను అడిగితే తెలుస్తుంది.

1946లో మరో పెద్ద పోరాటం జరిగింది. ఆ ఏడాది నవంబరు 4న పోలీసులు కాల్పులు జరిపారు. ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఇప్పటికీ కె.జి.ఎఫ్.లో ఏటా ఆ రోజున వాళ్లను తలచుకుంటారు. మన చర్చిల్లో హతసాక్షుల గురించి ప్రసంగిస్తాం. మన చర్చి గోడకు కూతవేటు దూరంలో తోటివాళ్ల కూలి కోసం ప్రాణం పోయినవాళ్ల గురించి మన యౌవనస్థులకు ఎంతమంది చెబుతున్నాం?

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, ఆ తర్వాత కేంద్రం చేతికి వెళ్లాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఈ రోజు ఆ కార్మికుల మనవలు మారికుప్పం నుంచి రైలెక్కి బెంగళూరులో పని చేసి రాత్రికి ఇల్లు చేరుతున్నారు. ఐక్యత ఉంటే గని మూతపడేది కాదని నేను అనను. బంగారం తరిగిపోయింది, తీసే ఖర్చు పెరిగింది. ఐక్యత అన్నిటికీ మందు కాదు. కానీ గనిలో ఉన్నన్నాళ్లు వాళ్లకు దక్కిన కొద్దిపాటి గౌరవం ఎవరో దయతో ఇచ్చింది కాదు. నాలుగు భాషలవాళ్లు ఒక్క మాట మీద నిలబడితే దక్కింది.

నరసాపురలో ఆ ఉదయం

ఇక మన కాలం కథ. 2020 డిసెంబరు 12. నరసాపురలో ఐఫోన్లు తయారు చేసే విస్ట్రాన్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ముగిసే వేళ కార్మికులు అద్దాలు పగలగొట్టారు, వాహనాలు తగలబెట్టారు. టీవీలన్నీ ఆ పొగను చూపించాయి. ఆ పొగ వెనుక ఏముందో తర్వాత బయటికొచ్చింది. కార్మికుల్లో అత్యధికులు కాంట్రాక్టు ఏజెన్సీల ద్వారా వచ్చినవాళ్లు. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు 21 వేలు ఇస్తామని చెప్పి 16 వేలు, ఆపై 12 వేలు చేతిలో పెట్టారని వాళ్లు చెప్పారు. పన్నెండు గంటల షిఫ్టులు, హాజరు లెక్కల్లో తప్పులు, జీతాల కోత. ప్రభుత్వ అధికారుల పరిశీలనలో కూడా చాలా లోపాలు బయటపడ్డాయి. యాపిల్ సంస్థ విస్ట్రాన్‌ను పరిశీలనలో పెట్టి కొత్త ఆర్డర్లు ఆపింది. విస్ట్రాన్ క్షమాపణ చెప్పి ఒక పెద్ద అధికారిని తప్పించింది. 2023లో ఆ ఫ్యాక్టరీ టాటాల చేతికి వెళ్లింది.

ఆ హింసను నేను సమర్థించను. ఒక కాపరిగా సమర్థించలేను. కానీ ఖండించి ఊరుకుంటే సగం పనే చేసినట్టు. అక్కడ అన్ని వేల మంది ఉన్నారు. వాళ్ల తరఫున యాజమాన్యం ఎదుట కూర్చొని 'ఈ నెల జీతం లెక్క ఇలా ఎందుకుంది?' అని అడిగే సంఘం లేదు. నోరు ఉండవలసిన చోట నోరు లేకపోతే చెయ్యి లేస్తుంది. తర్వాత వంద మందికి పైగా జైలుకు వెళ్లారు. వాళ్లలో చాలామంది పాతికేళ్లు నిండని పిల్లలు. ఏ ఇంట్లో అయితే ఆ జీతం కోసం ఎదురుచూశారో ఆ ఇంట్లోనే బెయిలు కోసం అప్పు చేశారు.

కె.జి.ఎఫ్., నరసాపుర. రెండూ ఒకే జిల్లా. ఒకచోట చదువులేని గని కూలీలు మూడు వారాలు క్రమశిక్షణతో నిలబడ్డారు. మరోచోట పట్టభద్రులు ఒక్క ఉదయంలో కోపంతో కాలిపోయారు. తేడా మనుషుల్లో లేదు, వాళ్ల మధ్య ఉన్న బంధంలో ఉంది. గని కూలీలు ఒకే లైను ఇళ్లల్లో బతికారు, ఒకరి కష్టం ఒకరికి తెలుసు. నరసాపుర పిల్లలు వేర్వేరు ఏజెన్సీల కింద, వేర్వేరు ఊళ్ల నుంచి, పక్కన పనిచేసేవాడి జీతం ఎంతో తెలియకుండా పనిచేశారు. కార్మిక సంఘం వద్దనుకునేవాళ్లు హింస కూడా వద్దంటారు. ఆ రెండు కోరికలూ ఒకేసారి తీరవు.

చట్టం కూడా లెక్కే అడుగుతోంది

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. అందులో పారిశ్రామిక సంబంధాల కోడ్ మన యువతకు తప్పకుండా తెలియాలి. దాని ప్రకారం ఒక సంస్థలో ఒకటికి మించి సంఘాలుంటే, రోలులో ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతు ఉన్న సంఘమే చర్చలకు ఏకైక ప్రతినిధి. ఎవరికీ 51 శాతం లేకపోతే కనీసం 20 శాతం మద్దతు ఉన్న సంఘాలతో ఒక చర్చల మండలి ఏర్పడుతుంది. సమ్మె చేయాలంటే 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మందికి పైగా ఒకే రోజు క్యాజువల్ సెలవు పెట్టినా దాన్ని సమ్మెగానే లెక్కిస్తారు. జెట్ పైలట్లు 2009లో చేసినలాంటి పనికి ఇక దారి మూసేసినట్టే.

ఈ చట్టం మంచిదా చెడ్డదా అన్నదాని మీద కార్మిక సంఘాలకు గట్టి అభ్యంతరాలున్నాయి. సమ్మె హక్కును ఇది చాలా ఇరుకు చేసిందన్నది నా అభిప్రాయం కూడా. కానీ చట్టం ఎలా ఉన్నా ఒక సంగతి స్పష్టం. ఇక బల్ల దగ్గర కూర్చోవడానికే అంకెలు కావాలి. పది మంది నాయకులు పది జెండాలు పట్టుకుంటే ఎవరికీ 51 రాదు, కొందరికి 20 కూడా రాదు. కాంట్రాక్టు కార్మికుడి పేరు సాధారణంగా కాంట్రాక్టరు రోలులో ఉంటుంది కాబట్టి పక్కపక్కన నిలబడి ఒకే పని చేసేవాళ్లు లెక్కలో వేరువేరుగా మిగిలిపోతారు. పర్మనెంటువాళ్లు తమ ఒప్పందంలో కాంట్రాక్టువాళ్ల మాట కూడా ఎత్తకపోతే, రేపు వాళ్ల పని కూడా కాంట్రాక్టు కిందికి పోవడానికి ఎంతో కాలం పట్టదు.

వాక్యంలో బేరసారాలు

'బైబిల్లో యూనియన్ ఎక్కడుంది?' అని అడిగేవారి కోసం నాలుగు చోట్లు చూపిస్తాను. ఇంటికి వెళ్లి మీరే చదవండి.

సంఖ్యాకాండం 27. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రికి కొడుకులు లేరు కాబట్టి వాళ్లకు భూమి రాదన్నది అప్పటి పద్ధతి. ఐదుగురూ కలిసి గుడారపు ద్వారం దగ్గర మోషే ఎదుట, యాజకుని ఎదుట, పెద్దలందరి ఎదుట నిలబడ్డారు. ఒక్కరు వెళ్లి ఏడ్వలేదు. ఐదుగురూ వెళ్లి అడిగారు. మోషే ఆ సంగతి దేవుని ముందు పెట్టాడు. ఆ ఆడపిల్లలు చెప్పింది న్యాయమేనని దేవుడే తీర్పు ఇచ్చాడు, చట్టమే మారింది. తర్వాత 36వ అధ్యాయంలో గోత్రపు పెద్దలు తమ అభ్యంతరం చెప్పారు, ఇరువైపులకూ సరిపడే సర్దుబాటు జరిగింది. కలిసి అడగడం, వినడం, తీర్చడం, మళ్లీ సర్దుకోవడం. ఒప్పందం అంటే ఇదే.

రాజుల మొదటి గ్రంథం 12. సొలొమోను కాలపు భారమైన పనులతో విసిగిన జనం షెకెములో రెహబాము దగ్గరికి కలిసి వచ్చారు. కాడి బరువు కొంచెం తగ్గించు, నీకు సేవ చేస్తాం అని అడిగారు. ఎంత మర్యాదైన కోరిక! రాజు మూడు రోజుల గడువు తీసుకున్నాడు. అనుభవం ఉన్న పెద్దలు తగ్గమన్నారు, తనతో పెరిగిన యువకులు బిగించమన్నారు. రాజు యువకుల మాట విన్నాడు. రాజ్యం చీలింది. బల్ల దగ్గర తలబిరుసుతనం ఎంత ఖరీదైనదో యాజమాన్యాలకు కూడా ఈ అధ్యాయం చెబుతుంది. యజమానులైన విశ్వాసులు కూడా మన సంఘాల్లో ఉన్నారు, వారికీ ఇది వాక్యమే.

నిర్గమకాండం 5. ఇది హెచ్చరిక. ఇటుకలు, పెంకుల పని మాలూరు వైపువాళ్లకు కొత్త కాదు కాబట్టి ఇది మనకు బాగా అర్థమవుతుంది. సెలవు అడిగినందుకు ఫరో గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. సోమరులని తిట్టాడు. దెబ్బలు తిన్నది ఇశ్రాయేలీయుల నుంచే నియమించిన పనిపెద్దలు. వాళ్లు తమంతట తాము ఫరో దగ్గరికి వెళ్లి మొర పెట్టుకున్నారు. అక్కడ పని జరగకపోయేసరికి బయటికి వచ్చి ఎవరి మీద పడ్డారు? ఫరో మీద కాదు, మోషే అహరోనుల మీద. బరువు పెంచితే బానిసలు ఒకరినొకరు నిందించుకుంటారని ఫరోకు తెలుసు. ఆ ఉపాయం ఇప్పటికీ పాతబడలేదు.

మత్తయి 20. ద్రాక్షతోట కూలీలు. ఉదయమే వచ్చినవాళ్లకు మాట ప్రకారం కూలి అందింది. వాళ్ల బాధంతా చివరి గంటలో వచ్చినవాడికి కూడా అంతే దక్కిందని. ఈ ఉపమానాన్ని మనం కృప గురించి బోధిస్తాం, అది సరైనదే. కానీ కూలీల కోణం నుంచి కూడా ఒకసారి చదవండి. రోజంతా ఎవరూ పిలవక అడ్డాలో నిలబడినవాడికి కూడా ఇంట్లో ఆకలి అంతే ఉంటుంది. వాడికి దక్కినదాన్ని చూసి నాకు తక్కువైందని గొణిగితే మనం యేసు చెప్పిన తోటలో లేము. పర్మనెంటు, కాంట్రాక్టు మధ్య ఈ రోజు ఉన్న గోడ ఆ గొణుగుడుతో కట్టిందే.

చెదలు ఎక్కడ పడతాయి

ఐక్యత ఎప్పుడూ ఒక్క దెబ్బకు కూలదు. చెదలు పట్టినట్టు లోపలి నుంచి పోతుంది. మొదటిది పుకారు. చర్చలు మొదలైన మూడో రోజుకు వాట్సాప్‌లో 'నాయకులు అమ్ముడుపోయారు' అని వస్తుంది. ఎవరు పంపారో తెలియదు, అందరూ పంపుతారు. దీనికి మందు నాయకుల దగ్గరే ఉంది. ప్రతి విడత చర్చ తర్వాత జరిగింది జరిగినట్టు, కుదిరింది కుదరనిది, అందరికీ చెప్పాలి. దాచిన చోటే పుకారు పుడుతుంది.

రెండోది విడిగా ఇచ్చే తాయిలం. 'నీకు మాత్రం ప్రమోషన్ ఇస్తాం, నువ్వు పక్కకు రా' అంటారు. ఏశావు ఒక్క పూట కూటికి జ్యేష్ఠత్వం అమ్ముకున్న కథ మనకు తెలుసు.

మూడోది కులం, భాష. తమిళం వాళ్లు, తెలుగు వాళ్లు, లోకల్, బయటివాళ్లు. క్రైస్తవుల్లో కూడా కులం లేదని నాకు చెప్పకండి, మన పెళ్లి సంబంధాలు చూస్తే తెలుస్తుంది. చర్చిలో పోని కులం ఫ్యాక్టరీలో పోతుందా?

నాలుగోది నాయకుల అహం. ఐదోది ఆడవాళ్లను వెనక కూర్చోబెట్టడం. ఫోన్లు, బట్టలు తయారయ్యే చోట సగానికి సగం పనిచేసేది వాళ్లే. చర్చల బృందంలో ఒక్క స్త్రీ కూడా లేకుండా టాయిలెట్ విరామం గురించి, రాత్రి షిఫ్టు బస్సు గురించి ఎవరు మాట్లాడతారు?

ఐక్యత అంటే అందరూ ఒకేలా ఆలోచించడం కాదు. లోపల ఎంతైనా వాదించుకోవచ్చు, వాదించుకోవాలి కూడా. రహస్య ఓటు వేయాలి, ఓడినవాళ్ల మాట కూడా వినాలి. ఇంట్లో ఎంత గొడవపడినా గడప దాటాక ఒక్క మాట మీద ఉండాలి. ప్రశ్నించేవాణ్ణి ద్రోహి అనే సంఘం ఎక్కువ కాలం బతకదు. అది చర్చికి కూడా వర్తిస్తుంది.

ఒక్కటై నిలబడినా ఓడిపోయే రోజులుంటాయి. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు దాదాపు 48 వేల మంది అక్టోబరు 5 నుంచి యాభై రోజులకు పైగా సమ్మె చేశారు. ఉద్యోగాలు పోయినట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. జీతాలు లేవు. ప్రాణాలు పోయాయి. చివరికి విలీనం డిమాండ్ వదులుకొని తిరిగి పనిలో చేరారు. ఓటమి అనే అందరూ అన్నారు. 2023లో అదే ప్రభుత్వం వాళ్లను ప్రభుత్వ ఉద్యోగులుగా తీసుకునే బిల్లును శాసనసభలో ఆమోదించింది. మధ్యలో జరిగిన రాజకీయాలు, ఎన్నికల లెక్కలు నాకూ తెలుసు. కానీ ఆ కోరికను సజీవంగా ఉంచింది ఆ యాభై రోజులే. చల్లిన విత్తనం ఎప్పుడు మొలుస్తుందో విత్తినవాడి చేతిలో ఉండదు.

చర్చి తలుపులు ఎవరి కోసం

ఈ విషయంలో చర్చిలు చేయగలిగిన పనులున్నాయి, వాటికి పెద్ద ఖర్చు కూడా లేదు. యౌవనస్థుల కూటంలో నెలకొకసారి పే స్లిప్పు చదవడం నేర్పించండి. బేసిక్ ఎంత, పీఎఫ్ ఎంత కోశారు, ఓటీ లెక్క ఎలా వేశారు, ఈఎస్ఐ కార్డు ఉందా. మీ సంఘంలో అకౌంట్లు తెలిసినవాళ్లు, లాయర్లు ఉంటారు, వాళ్లకు అది పరిచర్య అవుతుంది. కార్మికులు కూర్చొని మాట్లాడుకోవడానికి హాలు దొరకదు. వారం రోజుల్లో ఆరు రోజులు తాళం వేసి ఉండే మన హాలు తాళం తీయండి. పని ఆగిన ఇంటికి బియ్యం పంపండి, ఫీజు కట్టలేని పిల్లవాడి ఫీజు కట్టండి. అది ఏ మతం వాడైనా సరే. సమ్మె రోజుల్లో ఇల్లు గడవదేమోనన్న భయమే ఐక్యతను చీలుస్తుంది. ఆ భయాన్ని మనం తగ్గించగలం.

కాపరులకు ఒక్క మనవి. దాసులు యజమానులకు లోబడాలన్న మాటలు ఎఫెసీ పత్రికలో ఉన్నాయని మనం తరచుగా గుర్తు చేస్తాం. అదే అధ్యాయంలో ఆ వెంటనే యజమానులను కూడా హెచ్చరించారని ఎన్నిసార్లు చెప్పాం? బిగపట్టిన కూలి దేవుని చెవిలో మొర పెడుతుందని యాకోబు రాశాడు. ఆ మొర మన సౌండ్ బాక్సుల హోరులో మనకు వినబడకపోతే తప్పు కూలీది కాదు.

యువతీయువకులకు ఒక మాట. మీ ఫ్యాక్టరీలో సంఘం ఉంటే అందులో చేరండి. చేరి ఊరుకోకండి. లెక్కలు అడగండి, ఓటు వేయండి, అవసరమైతే నిలబడండి. అబద్ధం ఆడకండి, ఎవరి మీదా చెయ్యి ఎత్తకండి, ఎవరినీ కులం పేరుతో పక్కకు నెట్టకండి. నాయకుడు తప్పు చేస్తే మొహం మీదే చెప్పండి, వెనకాల కాదు. కాంట్రాక్టులో ఉన్న తోటివాడి పేరు పక్కన పెట్టి మీ ఒప్పందం మీద సంతకం పెట్టవద్దని పట్టుబట్టండి. మీరు క్రైస్తవులని వాళ్లకు తెలియవలసింది మెడలో సిలువ చూసి కాదు, కష్టకాలంలో మీరు చీలిపోరన్న నమ్మకంతో.

అవయవాలు ఎన్నున్నా శరీరం ఒక్కటే అని పౌలు కొరింథీయులకు రాశాడు. కన్ను చేతితో నువ్వు నాకు అక్కర్లేదని అనలేదు. మూడో నంబరు లైనులో ఉన్నవాడు హౌస్‌కీపింగ్ అమ్మతో, పైలట్ గ్రౌండ్ స్టాఫ్‌తో, పర్మనెంటువాడు కాంట్రాక్టువాడితో ఆ మాట అనకుండా ఉంటే చాలు. అక్కడ ఏ జెండా ఎగిరినా, ఆదివారం మనం కూడుకునే సంఘానికి అది పరాయిది కాదు.